గండం మోసే చేప

"ఈ చేపలు వాపస్ తీస్కో విజయేందర్!"

సౌభాగ్యమ్మ స్టీలు బకెట్‌ను కౌంటర్ మీద ఠంగుమని పెట్టింది. ఆబిడ్స్ సందులో రంగు చేపల దుకాణం పెట్టినప్పటి నుంచి విజయేందర్ ఇలాంటి పంచాయితీలు చాలా చూశాడు. బకెట్లోకి తొంగి చూస్తే గోల్డ్‌ఫిష్‌లు తోకలాడిస్తూ నిక్షేపంగా ఉన్నాయి.

"ఏమైందమ్మా వీటికి?"

"ఏం కాలే. గదే నా బాధ. ఒక్కటన్న చస్తలేదు!"

విజయేందర్ మళ్లీ బకెట్లోకి తొంగి చూశాడు.

"ఇంటి మీదికొచ్చే గండాన్ని చేప తన మీదేసుకుని పోతదని వాస్తు ఆయన చెప్పిండు. రేపు మా ఆయనకు గుండె ఆపరేషన్. గీలోపల ఒక్కటన్న పోవాల్నా వద్దా? గా ఉబ్బుకండ్ల నల్లది ఇయ్యి."

"అది బ్లాక్ మూర్ అమ్మా. మంచిగ చూస్కుంటే పదేండ్లు బతుకుతది."

"అయితే నాకొద్దు!"

వాదించి వాదించి విజయేందర్ తల వాచిపోయింది. వెనక నిలబడ్డ కస్టమర్లు ముసిముసిగా నవ్వుతున్నారు. ఇక లాభం లేదని మూలనున్న టబ్బు చూపించాడు. అందులో ఒక ఒరాండా రకం గోల్డ్‌ఫిష్ పొట్ట ఉబ్బి, వెల్లకిలా తేలుతూ మొప్పలాడిస్తోంది.

"దీనికి జబ్బు. అమ్మేది కాదు. ఊకెనే తీస్కపోండి, నన్ను ఇడిచిపెట్టండి."

సౌభాగ్యమ్మ కళ్లు చెమర్చాయి. "నీ కడుపు చల్లగుండ బిడ్డా" అని, చేపను నీళ్ల కవర్లో పట్టుకుని నాంపల్లి ఆటో ఎక్కింది. ఆ దీవెన విన్నాక విజయేందర్‌కి తన మీద తనకే చిరాకేసింది.

మర్నాడు షట్టర్ సగం లేచిందో లేదో, ఆమె వంగి లోపలికొచ్చేసింది. చేతిలో అదే కవర్.

"పోయిందా అమ్మా?"

"నోర్ముయ్! అది పోవద్దు. మందియ్యి, మాకియ్యి, ఏమన్న చెయ్యి. దీన్ని బతికియ్!"

విజయేందర్‌కి ఒళ్లు మండింది. "నిన్న చావాలంటిరి, ఇయ్యాల బతకాలంటున్రు. నాతోని ఆటలాడుతున్రా? ఆపరేషన్ పెట్టుకుని దవాఖానకు పోకుండ గీడేంది మీరు?"

సౌభాగ్యమ్మ స్టూలు మీద కూలబడింది.

"ఏడ ఆపరేషన్ బిడ్డా! దీన్ని ఎందుకు తెచ్చిన్నో ఆయనకు చెప్పుడే నా తప్పయింది. నా బదులు గీ నోరులేని పాణం పోవుడేంది, అది సీదాగ ఈదేదాక నేను దవాఖానకు రానని గడప మీద కూసున్నడు!"