ముద్దుపేరు

బడికి పంపుతామని తొమ్మిదేళ్లప్పుడు తీసుకెళ్లి, ఎదిగేదాకా ఇంటి చాకిరీ చేయించారని తిరుమల వేసిన నష్టపరిహారం దావా అది. పేపర్లో పడటంతో విజయవాడ కోర్టు హాలు నిండిపోయింది.

బోనులో మిల్లు యజమాని భార్య సుభాషిణి గారు కొంగుతో కళ్లొత్తుకున్నారు.

"పనిపిల్లేంటండీ? కూతురిలా పెంచుకున్నాం. ముద్దుగా చిట్టీ అనే పిలిచేవాళ్లం."

తిరుమలకి కోపం రాలేదు. ఏడుపూ రాలేదు.

తిరుమల తరఫు లాయరు ప్రశ్నలకి సుభాషిణి గారి గొంతు తడారిపోయింది. అలవాటుగా హాలు వైపు తిరిగి, "చిట్టీ, మంచినీళ్లు!" అన్నారు.

తిరుమల లేచింది. లేచాక గానీ తను లేచినట్టు తెలియలేదు.

వెనక బెంచీ మీద, తిరుమల ఎన్నడూ చూడని ఇద్దరు ఆడవాళ్లు కూడా లేచి నిలబడ్డారు.