కొన తెగిన నక్షత్రం

క్రిస్మస్ కార్డుల కోసం రబ్బరు ముక్క మీద నక్షత్రం చెక్కుతుంటే చాకు జారి ఒక కొన తెగింది. ఆ ముద్రను నేను పారేయలేదు.

నిరుడు తమ్ముడు దాన్ని అడిగి పట్టుకెళ్లాడు. "ఎక్కడో పడిపోయింది అన్నయ్యా" అన్నాడు. పోనీలే అని ఊరుకున్నాను.

ఈ సాయంత్రం బజార్లో వాడు కార్డులు అమ్ముతున్నాడు. అన్నిటి మీదా నా నక్షత్రమే.

"ఈ కొన తెగిందేంటండీ?" అని ఒకావిడ అడిగింది.

"మా ఆవిడ పోయిందని ఫోనొస్తే చాకు జారిందమ్మా" అని వాడు కళ్లు తుడుచుకున్నాడు.

ఆ ఫోను వచ్చింది నాకు. పోయింది నా భార్య.

ఇంటికొచ్చి, నా దగ్గర మిగిలిన గంట బొమ్మ ముద్రతో ఒక కార్డు చేశాను. నక్షత్రం ఉండాల్సిన చోట మరదలికి రాశాను: "అమ్మా, నువ్వు పోయావని మీ ఆయన బజార్లో ఏడుస్తున్నాడు. క్రిస్మస్ శుభాకాంక్షలు."