గోడలో మనిషి

"ఇది నువ్వు రాసింది కాదు."

టీచరమ్మ నోటుబుక్కు మూసి బల్లమీద పెట్టింది.

"నేనేనండీ! అక్షరాలు చూడండి. కోడి కెలికినట్టు ఇంకెవరు రాస్తారు?"

"అక్షరాలు నీవే. మాటలు గైడువి. 'ఈ నవల మానవ స్వేచ్ఛకు నిలువుటద్దం'... పొద్దున్నే మీ అమ్మతో, 'అమ్మా, ఈ కూర మానవ సహనానికి నిలువుటద్దం' అంటావా?"

వాగుడుకాయ కిసుక్కున నవ్వింది. ఆ పేరు టీచరమ్మ పెట్టిందే. పాఠం చెప్పమని మొదటిరోజు వచ్చి, ముప్పావుగంట తనే మాట్లాడి వెళ్ళింది మరి. ఈ పరీక్ష ఇప్పటికి రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే 'దండయాత్రల మహారాణి' అని పిలుస్తానని అన్నయ్య బెదిరిస్తున్నాడు. మాట నిలబెట్టుకునే రకం.

పరీక్షకి ఇంకా మూడు వారాలుంది. కానీ వాగుడుకాయ దిగులు పరీక్ష గురించి కాదు, యూనిఫాం జేబులో ఉన్న కాగితం గురించి. పొద్దున పదింటికి ఆఫీసులో పెద్దమేడం ఆ కాగితం చేతికిచ్చి, "మీ టీచరమ్మ ఆర్డరు వచ్చేసింది. వచ్చేనెల అనుకున్నాం గానీ, రేపే వెళ్ళిపోవచ్చు. నువ్వే చెప్పు, సంతోషిస్తుంది" అంది.

వాగుడుకాయ చెప్పలేదు. భోజనాలయ్యాక చెబుదామనుకుంది. అవి అయ్యాక, పాఠం అయ్యాక అనుకుంది. నోరు తెరిస్తే ఆగని మనిషికి ఈ ఒక్కమాట మాత్రం పైకి రాలేదు.

లైబ్రరీ అని పేరే గానీ, అక్కడున్నవి రెండు బీరువాలు, ఒక బల్ల, ఊచల కిటికీ. టీచరమ్మ కుర్చీ కిటికీ వైపు జరుపుకుంది.

"గైడు అవతల పారేయ్. నవల చదివావా లేదా?"

"రెండుసార్లు చదివానండీ."

"అయితే కథ చెప్పు."

"ఒక నగరం. ప్రతి ఇంటి గోడలోనూ ఒక మనిషి దాక్కుని, లోపలివాళ్ళ మాటలు వింటూ పైకి రాసి పంపుతుంటాడు. ఒక ఇంట్లో గడియారాలు బాగుచేసేవాడు ఉంటాడు. పనిచేసుకుంటూ తనకు తానే కథలు చెప్పుకుంటాడు. అతనికి ఊరు దాటి వెళ్ళిపోయే అనుమతి వస్తే, ఆ కాగితాన్ని గోడలోవాడు ఒకరోజు దాచేస్తాడు."

"ఎందుకు దాచాడు?"

"కథలు ఆగిపోతాయని."

"నువ్వు వాడి గురించి ఏమనుకున్నావో అదే రాయి. అరగంట. ఇక్కడే, నా ఎదురుగా."

వాగుడుకాయ కలం మూత కొరికింది. కిటికీలోంచి చూసింది. ఒక వాక్యం రాసి కొట్టేసింది. తర్వాత తల వంచి రాసింది, మళ్ళీ ఎత్తలేదు. అంతసేపు ఆ పిల్ల నోరు మూసుకుని ఉండడం టీచరమ్మ చూడ్డం అదే మొదలు.

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని పైకే చదివింది.

"'అందరూ గడియారాలాయన గురించి రాస్తారు. నాకు గోడలోవాడు గుర్తుండిపోయాడు. పన్నెండు గంటలు కదలకుండా కూర్చుంటే వాడి నడుం పట్టెయ్యదా? మొదట జీతం కోసం విన్నాడు. తర్వాత కథలు బాగున్నాయని విన్నాడు. కాగితం దాచినందుకు మొన్న వాణ్ణి తిట్టుకున్నాను. ఇవాళ తిట్టలేకపోతున్నాను. మనకిష్టమైనవాళ్ళు ఇంకొక్కరోజు ఉంటే బాగుండుననుకుని, దాన్ని ప్రేమ అంటాం. అవతలివాళ్ళకి ఆ ఒక్కరోజు ఎంత పొడుగో మనకేం తెలుసు?'"

ఆవిడ నోటుబుక్కు మెల్లగా దించింది.

"ఇది నువ్వు రాసింది" అంది. "పరీక్షలో ఇలా రాస్తే నిన్ను తప్పించే మగాడు పుట్టలేదు. అది సరేగానీ, మొన్న తిట్టినవాణ్ణి ఇవాళ ఎందుకు తిట్టలేకపోయావు?"

వాగుడుకాయ జేబులోంచి కాగితం తీసి బల్లమీద పెట్టింది. దాన్ని రెండు చేతులతో సాపుచేసి ముందుకు తోసింది.

టీచరమ్మ ఒకసారి చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఎప్పుడొచ్చింది?"

"పదింటికండీ."

"ఇప్పుడెంతయింది?"

"మూడున్నర." వాగుడుకాయ తల దించుకుంది. "తప్పయిపోయిందండీ. ఇవ్వాలనే అనుకున్నాను. ఇచ్చేస్తే పాఠం ఉండదు కదా అనిపించింది."

టీచరమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళొత్తుకుంది.

"అయిదున్నర గంటలు! గోడలోవాడికంటే నువ్వే నయం. నాలుగేళ్ళు ఇక్కడ పడి ఉన్నదాన్ని, అయిదున్నర గంటలు నాకో లెక్కా?" మళ్ళీ కాగితం చూసుకుంది. "మా అమ్మాయి కూతురికి మాటలు కూడా వచ్చేశాయట. నన్నింకా ఫొటోలోనే చూసింది పాపం. రేపు నన్ను చూసి జడుసుకుంటుందేమో!"

"మళ్ళీ ఎప్పుడొస్తారు?" అనేసి, వెంటనే నాలిక్కరుచుకుంది వాగుడుకాయ.

"ఇక్కడికా? చచ్చినా రాను! నువ్వే మా ఇంటికి రా. వారానికో ప్రశ్న ఉత్తరంలో పంపుతాను, జవాబు రాసి పంపు. గైడు వాసన వచ్చిందా, చింపి తిప్పి పంపుతా."

"బాబోయ్, ఉత్తరంలో కూడా తిడతారా?"

"ఎర్రసిరాతో."

వాగుడుకాయ ఇక ఆగలేదు. వరండా అంతా పరిగెత్తుతూ, "టీచరమ్మ ఇంటికెళ్ళిపోతోంది!" అని అరిచింది. టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళంతా కంచాలు వాయించారు. ఒకామె తన పేరు తనే పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, గుర్తుగా ఉంచుకోమని ఇచ్చింది. ఎప్పుడూ గదమాయించే పెద్దమేడం కూడా ఆ గోల విని, విననట్టు తలుపు దగ్గరకేసుకుంది.

సాయంత్రం బెల్లు మోగింది. వరసలో అందరి హాజరూ అయింది. టీచరమ్మ, వాగుడుకాయ నడవా చివరిదాకా కబుర్లాడుకుంటూ నడిచారు.

"పొద్దున్నే లేస్తావా, సాగనంపడానికి?" అంది టీచరమ్మ.

"అసలు పడుకుంటే కదండీ లేవడానికి!"

టీచరమ్మను సెల్లులోకి పంపి, జైలు వార్డరు వాగుడుకాయ చివరిసారిగా తాళం వేసింది.