ఇంటిని ఏలేవాడు

ఆరాధన అయిపోయినా ఎవరూ లేవలేదు. పాస్టర్ రాజప్పను ఉంచాలా, తీసెయ్యాలా అన్నది ఆ పూటే తేలాలి.

తళి ఊరి దగ్గర ఈ ప్రార్థన మందిరాన్ని రాళ్ళు మోసి కట్టింది రాజప్పే. ఇప్పుడు కుర్రవాళ్ళేమో సంఘం హోసూరుకు మారాలంటున్నారు. వాళ్ళ కంపెనీ పనులన్నీ అక్కడే. రాజప్ప వద్దంటున్నాడు.

కుర్రవాళ్ళ తరఫున శశికుమార్ లేచి నిలబడ్డాడు. కృష్ణగిరిలో జరిగిన క్రైస్తవ నాయకత్వ తరగతులకు ఆ సంఘం నుంచి పోయి వచ్చింది అతనొక్కడే. రాజప్పే అతన్ని పంపాడు.

"సొంత ఇంటిని ఏలుకోలేనోడు దేవుని సంఘాన్ని ఎట్లా చూసుకుంటాడని వాక్యమే అడగతా ఉంది. పాస్టరయ్య కొడుకు ఆయన మాట వినడు. మొన్న బస్టాండులో నాయన్ని ఎదిరించి అరిచినాడు. మీరంతా చూసినారు."

ఆడవాళ్ళ చాప మీద కాంతమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కనే కూర్చున్న పాస్టర్ భార్య అంజనమ్మ తల వంచుకుంది.

"ఆ పిలకాయ సంగతి నీకు తెలిసినంత మాకేం తెలుసులేప్పా," అన్నాడు సంఘ పెద్ద లింగప్ప. "నీకింకా పెండ్లే కాలేదు. ఇల్లు ఏలే కత నువ్వు చెప్పేదా?"

మగవాళ్ళలో నవ్వు లేచింది. శశికుమార్ నవ్వలేదు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అంజనమ్మ అది కూడా గమనిస్తోంది.

లేచి ఒక్క మాట చెప్పాలనిపించింది ఆమెకు. మాట వినని ఆ కొడుకును కన్నది తను, పెంచింది తను. తప్పుంటే తనది కూడా. కానీ సంఘంలో ఆడవాళ్ళు నోరు తెరవకూడదు. ఆ నియమం పెట్టింది భర్తే. అప్పుడు ఆయనా వాక్యమే చూపించాడు.

"శశీ, కూచో," అన్నాడు రాజప్ప మెల్లగా.

అతను కూర్చోలేదు.

రాజప్ప కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. "వాక్యం మీకొక తీరు, నాకొక తీరు కాదప్పా. నేను తప్పుకుంటా," అని మోకాళ్ళు పట్టుకుని కుర్చీలోంచి లేచాడు.

ఆ కుర్చీ శశికుమార్‌కు ఇద్దామని కుర్రవాళ్ళు చేతులెత్తారు. మిగిలినవాళ్ళు ఒకరినొకరు చూసుకుని ఎత్తారు. అందరికంటే చివర లింగప్ప ఎత్తాడు.

బయట చెప్పులు వేసుకుంటూ కాంతమ్మ అడిగింది. "ఇంత దూరం వచ్చినాకైనా నువ్వొక మాట చెప్పుండొచ్చు కదమ్మా?"

"ఎవరి తట్టు చెప్పేది కాంతమ్మా?" అంది అంజనమ్మ.

ఇంటికి పోయి, రాగిపిండి ఉడికించి, వేడి వేడిగా రెండు ముద్దలు చేసి, ఒకటి కుర్చీ దిగిన రాజప్ప కంచంలో, ఇంకొకటి కొడుకు శశికుమార్ కంచంలో పెట్టింది.