మొసలి కడుపులో టీచర్

"మొదటి వాక్యంలోనే నన్ను లువాంగ్వా నది మొసలి చేత మింగించేశావేంటే?" మ్వాన్సా టీచర్ ఎర్ర పెన్ను మూత తీసింది.

"హీరోకి కష్టం రావాలన్నారుగా, టీచర్!" ఏడేళ్ల చిలేషే తన కథ కాగితాన్ని గుండెకు హత్తుకుంది.

"సరే, మరి నన్నెవరు కాపాడతారు?"

"ఎవరూ కాపాడరు. హీరో మొసలి. కష్టం దానికే."

"మింగినదానికి కష్టమేంటే?"

"అది న్షిమా ముద్ద నోట్లో పెట్టుకోబోతే, 'చేతులు కడుక్కున్నావా?' అంటారు మీరు కడుపులోంచి. పాట పాడబోతే, 'నిటారుగా నిలబడి పాడు' అంటారు. పాపం, చిక్కి సగమైంది."

"అయితే నన్ను కక్కేయొచ్చుగా!"

"కక్కుదామనే నోరు తెరిచింది టీచర్. 'ముందు చెయ్యెత్తి అడుగు' అన్నారు. దాని చేతులేమో పొట్టివి!"

పిల్లలు బల్లలు బాదుతూ నవ్వారు. "నిశ్శబ్దం!" అనబోయింది టీచర్. ఆ మాట మొసలి కడుపులోంచి వస్తున్నట్టే తోచింది.

పెన్నుకి మూత పెట్టేసి, పిల్లల మధ్య నేలమీద చతికిలబడి చెయ్యెత్తింది.

"చిలేషే, నేను బయటికి రావచ్చా?"

"కాసేపు ఉండండి టీచర్," అంది చిలేషే పెన్సిల్ అందుకుంటూ, "ఇంకా రాస్తున్నా."