ముప్పై ఇరుసులు

“ఇంకొక్కసారి కొలవమ్మా,” అన్నాడు లేతు మిషను నడిపే బాబాయ్.

క్వాలిటీ ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి కణతలు నొక్కుకుంది. పొద్దున్నుంచి ఇది నాలుగో మిషను. మెడ పట్టేసింది. చూపుడువేలు మొద్దుబారిపోయింది.

“రెండుసార్లు కొలిచాను బాబాయ్. ఒకటి లావు, ఒకటి సన్నం. డ్రాయింగులో ఇచ్చిన హద్దుల్లో మీ మిషను నిలవట్లేదు.”

“పన్నెండు మిల్లీమీటర్లు. అటూ ఇటూ వెంట్రుకలో మూడోవంతు. పందొమ్మిదేళ్ళుగా దాటలేదమ్మా.”

“ఇవి ఆసుపత్రి పంపుల్లోకి వెళ్ళే ఇరుసులు. రేపు ఏ మంచం పక్కనో పంపు ఆగిపోతే ఎవరిది పూచీ?”

బాబాయ్ మిషను వైపు చూశాడు. ఆమె సంతకం పడితే మిషను తుక్కుకి పోతుంది, ఆయన అట్టపెట్టెలు అంటించే గదికి పోతాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. వాడిపోయిన ఆ ముఖం చూసి ఆమెకి మనసొప్పలేదు.

“సరే. ముప్పై కొలుస్తాను. ఇదే ఆఖరు.”

బాబాయ్ పక్కనే నిలబడి, ఇరుసుకున్న నూనె గుడ్డతో తుడిచి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె మైక్రోమీటరులో బిగించి, అంకె చదివి, కాగితం మీద రాసి, తలెత్తకుండానే చెయ్యి చాపి తిరిగిచ్చేసింది. ఆయన తుడిచాడు, అందించాడు. పది దాటేసరికి వేళ్ళు లాగాయి. ఇరవై దాటేసరికి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఎప్పటికవుతుందిరా దేవుడా అనుకుంటూనే ముప్పయ్యోదీ రాసింది.

లెక్క కట్టి, కాగితం ఆయన ముందుకి తోసింది.

“చూడండి. మళ్ళీ అదే వరస. ఆరు హద్దు దాటాయి.”

“అంత తేడాగా ఉన్నాయా అమ్మా?”

“ఒకదానికొకటి పోలికే లేదు. మీ పనితనానికి వంక పెట్టట్లేదు బాబాయ్. మిషను ముసలిదైపోయింది, ఒప్పుకోండి. దీన్ని నమ్మి ఎలా పంపమంటారు?”

ఆమె కలం మూత తీసింది.

బాబాయ్ ఆ అంకెల్ని పైనుంచి కిందిదాకా నిదానంగా చదివాడు. ఆయన ముఖంలో కోపం లేదు, గెలుపూ లేదు. గుడ్డ భుజాన వేసుకుని, గుప్పిట తెరిచాడు.

“ముప్పైసార్లూ నీకిచ్చింది ఈ ఒక్క ఇరుసేనమ్మా.”