సీలు మీద కుంకుమ

"ఈ ఎర్ర మరక ఏమిటి?" యూనివర్సిటీ ఆఫీసు కౌంటర్ వెనక ఆవిడ కాగితాన్ని కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుంది.

సుగుణ ముందుకు వంగి చూసింది.

అది కుంకుమ. నిన్న మెల్‌బోర్న్ శివార్లలోని కేరమ్ డౌన్స్ గుడిలో ఫైలు మొత్తం స్వామి పాదాల దగ్గర పెట్టించింది. "ఎవరి పేరున అర్చన?" అని పూజారి అడిగితే, ఎప్పటిలాగే కొడుకు శ్రీకర్ పేరు, నక్షత్రం చెప్పింది. ఫైలుకు ఒక్క బొట్టు చాలదని, ప్రతి కాగితానికీ తనే ఒకటి పెట్టింది. అందులో ఒకటి సరిగ్గా టేఫ్ అనే వృత్తివిద్యా కాలేజీ సీలు మీద పడింది.

"హాస్పిటల్ ట్రైనింగ్ ఎన్ని గంటలో కనబడటం లేదు," అంది ఆవిడ ఇంగ్లీషులో. "ఈ పేజీ తేలకపోతే క్రెడిట్ ఇవ్వలేం. సీటుకేం ఢోకా లేదు. కానీ ఫస్ట్ ఇయర్ నుంచి చదవాలి. కాలేజీకి ఫోన్ చేసి కనుక్కుంటాను, కూర్చోండి."

కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళింది.

సుగుణ కుర్చీ అంచున కూర్చుంది. శ్రీకర్ కాఫీ తెచ్చి ఇచ్చాడు. మెషీన్ ఎక్కడుందని ఎవరినీ అడగలేదు. ఆమె కాఫీ ముట్టలేదు.

రెండేళ్ళ నర్సింగ్ డిప్లొమా. చీకటితోనే ఇంటి దగ్గరి టార్నీట్‌ స్టేషన్లో రైలెక్కడం, నిలబడే టిఫిను. ఇప్పుడు ఒక్క బొట్టుతో ఏడాది చదువు గంగలో కలిసేలా ఉంది.

"ఫోనెత్తరేమోరా. ఎత్తినా, రికార్డులు పోయాయంటారేమో. గుళ్ళో సీతాదేవి గారు అననే అన్నారు, టేఫ్ చదువు యూనిలో పనికిరాదని."

"అమ్మా, చిల్. ఫస్ట్ ఇయర్ నుంచైనా ఓకే కదా? బేసిక్స్ స్ట్రాంగ్ అవుతాయి."

"నోర్ముయ్! నీ నోట మంచిమాటే రాదా?"

"సగం సబ్జెక్ట్స్ ఇచ్చినా చాలు అంటున్నా, అంతే."

"సగమెందుకు? ఎనిమిదీ ఇవ్వాలి. సోమవారం తిన్నగా సెకండ్ ఇయర్‌లో కూర్చోవాలి. నీకేంరా, నిశ్చింతగా ఉన్నావు!"

"నా టెన్షన్ నాది," అని గొణిగాడు శ్రీకర్. అతని మోకాలు ఆగకుండా ఊగుతోంది.

లోపలి నుంచి నవ్వు వినిపించింది. నవ్వుతున్నారంటే పని కానట్టే, అనుకుంది సుగుణ. సానిటైజర్‌కు పగిలిన వేళ్ళతో ఫైలును గుండెలకు అదుముకుంది.

తలుపు తెరుచుకుంది. ఆవిడ ముఖంలో ఏమీ తెలియడం లేదు. కూర్చుంది. కంప్యూటర్‌లో ఏదో కొట్టింది. ఆగింది. మళ్ళీ కొట్టింది.

"నాలుగు వందల గంటలు. కాలేజీ వాళ్ళు సరేనన్నారు. ఎనిమిది సబ్జెక్టులకూ క్రెడిట్ వచ్చింది. సోమవారం నుంచి సెకండ్ ఇయర్. కంగ్రాచ్యులేషన్స్!"

సుగుణ లేచి నిలబడి ఆవిడకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ కొడుకు వైపు తిరిగింది.

శ్రీకర్ తల్లిని గట్టిగా కౌగిలించుకున్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి, చెవిలో అన్నాడు.

"అమ్మా, ప్లీజ్... మా సెకండ్ ఇయర్ క్లాసులో మాత్రం నువ్వు నా పక్కన కూర్చోకు."